విరిగిన వీల్ స్టడ్ మార్చడం, నట్లు సరిగ్గా బిగించడం

టెక్కలి నుంచి శ్రీకాకుళం వస్తుంటే నరసన్నపేట దాటాక ముందు ఎడమ చక్రం దగ్గర టక్ టక్‌మని చప్పుడు మొదలైంది. హైవే పక్కన ఆపి చూస్తే చక్రాన్ని పట్టి ఉంచే నాలుగు స్టడ్లలో (నట్లు ఎక్కే మర కడ్డీలు) ఒకటి మొదలంటా తెగిపోయి ఉంది, ఇంకో రెండింటి నట్లు చేత్తోనే తిరుగుతున్నాయి. వెనక సీట్లో అమ్మ, పిల్లలు. వారం ముందు పంచర్ వేయించినప్పుడు ఎయిర్ గన్‌తో బిగించి ఇచ్చారు, నేను మళ్లీ చూసుకోలేదు. ఆ రోజు పడ్డ టెన్షన్‌తోనే ఈ పని ఓ మెకానిక్ పక్కన కూర్చుని నేర్చుకున్నాను.

ముందు ఒక విషయం. నట్టు బిగించినప్పుడు స్టడ్ కొద్దిగా సాగుతుంది, ఆ సాగిన పట్టే చక్రాన్ని హబ్‌కి (చక్రం తగిలించే ఇరుసు చివరి భాగానికి) అదిమి ఉంచుతుంది. మరీ బిగిస్తే స్టడ్ శాశ్వతంగా సాగిపోయి బలహీనపడుతుంది, వదులుగా ఉంటే చక్రం కదిలిన ప్రతిసారీ వంగి వంగి, తీగని అటూ ఇటూ వంచితే తెగినట్టు తెగిపోతుంది. చిన్న కార్లకి బిగింపు బలం, అంటే టార్క్, చాలావరకు 85 నుంచి 110 న్యూటన్ మీటర్లు చాలు, మీ బండికి ఎంతో మాన్యువల్లో రాసి ఉంటుంది. 30 సెంటీమీటర్ల పానా చివర 34 కిలోల బరువు వేస్తే సుమారు 100 వస్తుంది. 75 కిలోల మనిషి అదే పానా మీద ఎక్కి నిలబడితే 220, రెండడుగుల పైపు తొడిగి నిలబడితే 440 దాటుతుంది. నాకు నేర్పిన మెకానిక్ మొదట అన్న మాట ఇదే: "బావూ, ఆ పైపు అవతల పడేయ్, పానా చాలు."

కొత్త స్టడ్ కొనడానికి పాతదాన్ని పట్టుకెళ్లండి. మందం, పొడవు, తల కింద గీతలున్న భాగం, మర అన్నీ కలవాలి. మారుతి చిన్న కార్లలో ఎక్కువగా 12 మిల్లీమీటర్ల స్టడ్‌కి మర గీతల మధ్య దూరం 1.25 మిల్లీమీటర్లు, హ్యుందాయ్, టయోటా కార్లలో 1.5. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, తప్పు నట్టు రెండు మూడు చుట్లు ఎక్కి పట్టేస్తుంది, అక్కడ బలం చూపిస్తే మర పోతుంది. ఒకటి విరిగితే దాని పక్కవి రెండూ మార్చండి, ఎందుకంటే దాని బరువు కూడా అవే మోశాయి. రెండు విరిగితే ఆ చక్రానివన్నీ మార్చాలి, బండి నడిపి తీసుకెళ్లకండి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లకి స్టడ్లు ఉండవు, బోల్టే నేరుగా హబ్‌లోకి ఎక్కుతుంది, వాళ్లకి బిగింపు భాగం మాత్రం పనికొస్తుంది.

గట్టి, సమమైన నేల చూసుకోండి. కళింగపట్నం లాంటి చోట ఇసుకలో జాకీ దిగిపోతుంది. ముందు చక్రం పనైతే హ్యాండ్ బ్రేక్ లాగి, వెనక చక్రాలకి రెండువైపులా చెక్కదిమ్మలు పెట్టండి, తర్వాత హబ్ తిప్పడానికి గేరు న్యూట్రల్ చేయాల్సి వస్తుంది కాబట్టి ఇది తప్పదు. చక్రం నేల మీద ఉండగానే నట్లు అరచుట్టు వదులు చేసి అప్పుడు లేపండి. బండి జాకీ స్టాండ్ మీద కూర్చోవాలి, జాకీని ఒక్కదాన్నే నమ్మొద్దు.

చక్రం తీశాక కాలిపర్ (డిస్క్‌ని పట్టుకునే బ్రేక్ భాగం) విప్పి తీగతో పైకి కట్టండి, బ్రేక్ గొట్టం మీద వేలాడనివ్వొద్దు. డిస్క్ తీసి, విరిగిన స్టడ్ వెనక ఖాళీ దొరికేదాకా హబ్ తిప్పండి. కొన్ని కార్లలో ఆ ఖాళీయే ఉండదు, హబ్ విప్పాల్సిందే, అలాంటివి ప్రెస్ ఉన్న వర్క్‌షాపుకి వదిలేయండి. సుత్తితో బాదితే లోపలి బేరింగ్ దెబ్బతింటుంది, స్టడ్‌ని నొక్కి బయటికి తోసే క్లాంప్ వాడటం మేలు.

కొత్త స్టడ్‌ని వెనక నుంచి పెట్టి గీతలు కుదిరేలా చూడండి. ముందువైపు మూడు నాలుగు మందమైన వాషర్లు వేసి, వాటి మధ్య కొంచెం గ్రీజు రాసి, ఓ పాత నట్టుని చదును వైపు లోపలికి తిప్పి ఎక్కించండి. హబ్ తిరక్కుండా మిగతా స్టడ్ల మధ్య ఇనపరాడ్ అడ్డం పెట్టి, పానాతో నెమ్మదిగా బిగిస్తే స్టడ్ లోపలికి లాక్కుంటుంది. ఎయిర్ గన్ వద్దు. వెనక తల హబ్‌కి పూర్తిగా ఆనిందో లేదో వేలు పెట్టి కాదు, లైటు వేసి కళ్లతో చూడండి. కొత్త స్టడ్ కూడా రంధ్రంలో తిరిగిపోతుంటే హబ్ అరిగినట్టే, హబ్ మార్చాలి.

హబ్ ముఖం మీద తుప్పు వైర్ బ్రష్‌తో గీకేసి, ఆ తర్వాత డిస్క్, కాలిపర్ బిగించండి. సముద్రం దగ్గరి ఊళ్లలో ఇది మరీ ముఖ్యం, తుప్పు పొర తర్వాత నలిగి నట్లు వదులవుతాయి. మరకి నూనె, గ్రీజు రాయొద్దు, అదే టార్క్‌కి స్టడ్ మరింత సాగుతుంది.

నట్టు కోసుగా ఉన్న వైపు చక్రంలోకి ఉండాలి. అన్నీ చేత్తో మొదలుపెట్టి, ఎదురెదురుగా ఒకదాని తర్వాత ఒకటి బిగించండి, అయిదు నట్లయితే నక్షత్రం ఆకారంలో ఒకటి విడిచి ఒకటి. టైరు నేలకి ఆనేలా దించి ముందు 50 న్యూటన్ మీటర్లకి, అదే వరసలో మళ్లీ పూర్తి అంకెకి టార్క్ రెంచ్‌తో (పెట్టిన అంకె రాగానే క్లిక్‌మనే పానా) వెళ్లండి. రెంచ్ క్లిక్‌మన్నాక ఆపేయండి. బండి కదిలించే ముందు బ్రేక్ పెడల్ గట్టిపడేదాకా నాలుగైదు సార్లు తొక్కండి.

50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ టార్క్ చూడాలి. నేనైతే శ్రీకాకుళం నుంచి విజయనగరం వెళ్లి ఇంజన్ ఆపగానే రెంచ్ తీస్తాను, చక్రం చల్లారాక ఒక్కో నట్టూ చూస్తాను. ఏ నట్టయినా మళ్లీ మళ్లీ తిరుగుతూ పోతోందంటే దాన్ని బిగించి వదిలేయకండి, ఆ స్టడ్‌నో నట్టునో తీసి చూడండి.