ఇంటి వంటను రాసిపెట్టడం ఎలా? చేతి కొలతను గ్రాముల్లోకి దించే పద్ధతి

ఇంటిల్లిపాదికీ నచ్చే కూర ఒకటి ఉంటుంది, అది చేయడం ఒక్కరికే వస్తుంది. మిగతావాళ్లు ఫోన్ చేసి అడిగితే "ఉప్పు తగినంత, నీళ్లు మునిగేదాకా, కాసేపు మగ్గనివ్వు" అని జవాబు వస్తుంది. ఆ మూడు ముక్కలూ రాసుకుని వండేసి, రుచి కుదరకపోతే "ఆ చెయ్యి వేరు" అనుకుని ఊరుకుంటారు. చేతివాటం ఉంటుంది, కాదనను. కానీ ఎక్కువసార్లు తేడా కొట్టేది ఉప్పు, నూనె, నీళ్లు, మంట అనే నాలుగింటి దగ్గర. ఆ నాలుగూ కొలవగలిగినవే.

1. కావలసినవి

5 కిలోల దాకా తూచే, 1 గ్రాము తేడా చూపే కిచెన్ స్కేల్. పసుపు, మసాలా పొడుల కోసం 0.1 గ్రాము చూపే చిన్న స్కేల్ ఉంటే మరీ మంచిది. గడియారం, కాగితం, పెన్సిల్ కూడా కావాలి. పెన్ను వద్దు, తడి చెయ్యి తగిలితే సిరా అలుక్కుపోతుంది.

కప్పులతో ఈ పని చేయకండి. కప్పు అంటే ఒకచోట 240 మి.లీ., ఇంకోచోట 250, రైస్ కుక్కర్‌తో వచ్చేది 180. కప్పు ఒకటే అయినా పిండిని మెల్లగా జల్లి నింపితే 120 గ్రాములు, డబ్బాలో ముంచి తీస్తే 150 దాకా పడుతుంది. ఉప్పుదీ ఇదే కథ: సన్న ఉప్పు ఒక టీ స్పూను తలకొట్టి తీస్తే సుమారు 6 గ్రాములు. రాళ్ల ఉప్పు అదే స్పూనులో అంతకంటే తక్కువ పడుతుంది, రాళ్ల మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి. "ఒక స్పూను ఉప్పు" అని రాసి పంపేవాళ్లు ఏ ఉప్పో రాయరు.

2. ముందురోజు

వండబోయే గిన్నెను ఖాళీగా తూచి, ఆ బరువు రాసుకోండి. అడుగు వెడల్పు సెంటీమీటర్లలో కొలవండి. అదే గిన్నెలో లీటరు నీళ్లు పోసి, పెద్ద మంట మీద తెర్లడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాయండి. పొయ్యికీ పొయ్యికీ ఉండే తేడా ఈ ఒక్క అంకెలో దొరుకుతుంది. మీ పొయ్యి మీద 6 నిమిషాలు, మీ చెల్లెలి పొయ్యి మీద 9 నిమిషాలు అయితే, మీ "పెద్ద మంట" ఆమెకు లేదన్నమాట.

3. వండేవాళ్లను కొలవమనకండి, డబ్బాలను తూచండి

అందరూ చెడగొట్టేది ఇక్కడే. వండుతున్నావిడ పక్కన స్పూను పట్టుకుని నిలబడి "ఆగు, అది ఎంత?" అని ప్రతి పదార్థానికీ ఆపుతారు. ఆపగానే ఆ మనిషి వండడం మానేసి కొలవడం మొదలుపెడుతుంది. రోజూ వేసే పిడికెడు వేయదు, స్పూనుకు సరిపోయినంత వేస్తుంది. ఉల్లిపాయలు దించాల్సిన క్షణం దాటిపోతుంది. చివరికి మీ కాగితం మీద ఉండేది ఎవరూ ఎప్పుడూ వండని వంట.

చేయాల్సింది ఇది. వంట మొదలు కాకముందే ఉప్పు డబ్బా, కారం డబ్బా, నూనె సీసా, నీళ్ల చెంబు, ఆవిడ చెయ్యి పెట్టే అవకాశం ఉన్న ప్రతిదాన్నీ తూచి, బరువు రాసి, ఎప్పుడూ ఉండే చోటే పెట్టేయండి. వంట అయ్యాక మళ్లీ తూచండి. ఉప్పు డబ్బా ముందు 412, తరువాత 403 అయితే, పడింది 9 గ్రాములు. ఆవిడ పిడికిలితో వేసిందా, గుప్పెట విదిల్చిందా అన్నది మీకు అనవసరం.

ఇందులో జారే చోట్లు కొన్ని ఉన్నాయి. మూత పెట్టి తూచితే రెండోసారీ మూత పెట్టే తూచాలి. డబ్బాలో ఉండే స్పూను రెండుసార్లూ డబ్బాలోనే ఉండాలి. మధ్యలో ఇంకెవరూ ఆ డబ్బా ముట్టకూడదు. టీ కోసమని ఎవరో చెంబులో నీళ్లు తీసుకుపోతే లెక్కంతా గల్లంతు. చెంబు మళ్లీ నింపితే, నింపడానికి ముందూ తరువాతా తూకం రాయాలి.

చివరి తూకం తొందరపడి వేయకండి. మంచి వంటమనిషి ఉప్పు రెండు మూడు విడతల్లో వేస్తుంది. దించే ముందు రుచి చూసి వేసే ఆ కాస్త ఆవిడకే గుర్తుండదు, అడిగితే "వేయలేదే" అంటుంది. వాదించవద్దు, డబ్బా చెబుతుంది. గిన్నె పొయ్యి దిగి, వడ్డనకు వెళ్లాకే రెండో తూకం.

గిన్నెను స్కేల్ మీద పెట్టి అందులోనే పదార్థాలు వేయించే పద్ధతి కొందరికి ఇష్టం. బేకింగ్‌కు అది సరిపోతుంది, పొయ్యి మీది వంటకు పనికిరాదు. స్కేల్ కాసేపటికి తనంతట తానే ఆగిపోతుంది, సున్నా పోతుంది. చిటికెడు చిటికెడుగా వేస్తే చాలా స్కేళ్లు పట్టించుకోవు కూడా.

కూరగాయలను తొక్క తీసి తరిగాక తూచండి. "ఉల్లిపాయలు 4" అన్నది కొలత కాదు. బియ్యం, పప్పు లాంటివైతే నానబెట్టక ముందు బరువే రాయాలి. నీళ్లు 1 మి.లీ. అంటే 1 గ్రామే, కానీ నూనె 1 మి.లీ. సుమారు 0.92 గ్రాములు. అందుకని నూనెను గ్రాముల్లోనే రాసి వదిలేయండి, సగం అటూ సగం ఇటూ వద్దు.

చివరికి ఒక సరిచూపు. పూర్తయిన కూర బరువు తీసి, ఉప్పును దానితో పోల్చండి. మామూలు కూరల్లో కిలోకు 8 నుంచి 12 గ్రాముల దాకా ఉంటుంది. మీ లెక్కలో 3 వచ్చినా 25 వచ్చినా ఎక్కడో మూత మర్చిపోయారు. (నిలవ పచ్చళ్లకు ఈ లెక్క వర్తించదు.) వేడి గిన్నెను నేరుగా స్కేల్ మీద పెట్టకండి, కింద చెక్క పలక వేసి సున్నా చేసుకోండి.

4. వండుతున్నప్పుడు రాయాల్సినవి

ఏది ముందు, ఏది తరువాత, ఎన్ని నిమిషాలు, మంట పెద్దదా చిన్నదా, మూత ఉందా లేదా. నిమిషాల పక్కన తప్పకుండా ఒక గుర్తు ఉండాలి: "అంచులు గోధుమరంగు తిరిగి, నూనె పక్కలకు తేలేదాకా, 11 నిమిషాలు". ఒకటి తప్పితే రెండోది కాపాడుతుంది. ప్రెషర్ కుక్కర్ కూతలు లెక్కపెట్టకండి. కూతకూ కూతకూ మధ్య ఎంతసేపన్నది మంటను బట్టీ, లోపల ఎంత ఉందన్న దాన్ని బట్టీ మారుతుంది. మొదటి కూత తరువాత చిన్న మంట మీద ఎన్ని నిమిషాలో రాయండి.

వీడియో తీస్తే చాలదా అంటారు. తీయండి, గరిటె తిప్పే తీరు అందులోనే తెలుస్తుంది. ఉప్పెంతో మాత్రం వీడియోలో కనపడదు.

5. నీళ్ల లెక్క

వేసినవన్నీ కలిపి 1650 గ్రాములు (అందులో నీళ్లు 800), పూర్తయ్యాక 1200 అనుకుందాం. 450 ఆవిరైంది. చుట్టాలొచ్చారని అన్నీ రెట్టింపు చేసేవాళ్లు నీళ్లు కూడా 1600 పోస్తారు, కూర జారుగా తయారవుతుంది. ఆవిరయ్యేది గిన్నె వెడల్పును బట్టి, ఉడికిన సమయాన్ని బట్టి ఉంటుంది కానీ కూర ఎంత ఉందన్న దాన్ని బట్టి కాదు. అదే వెడల్పు గిన్నెలో, దాదాపు అంతసేపే ఉడికితే పోయేది మళ్లీ ఆ 450 గ్రాములే. అందుకని 1600లో ఆ 450 తగ్గించి, 1150 నీళ్లతో మొదలుపెట్టి, చాలకపోతే వేడినీళ్లు కలపండి. ఉప్పును మాత్రం నిశ్చింతగా రెట్టింపు చేయవచ్చు.

6. రెండోసారి వేరేవాళ్లు వండాలి

కాగితం చూసి, ఆ వంట రాని మనిషి వండాలి. అసలు వండే ఆవిడ వంటగదిలో ఉండకూడదు. ఉంటే చెయ్యి ఊరుకోదు. వండే మనిషి ఎక్కడ ఆగి "ఇప్పుడేం చేయాలి?" అనుకున్నా, ఆ వాక్యం కింద గీత గీయాలి. తప్పు మనిషిది కాదు, వాక్యానిది.

7. రుచి అడగడం

"ఎలా ఉంది?" అని అడగకండి, "బాగుంది" తప్ప ఇంకేం రాదు. ఎవరికి వారు చీటీ మీద రాయాలి: ఉప్పు తక్కువా, సరిపోయిందా, ఎక్కువా? పులుపు? కారం? చిక్కదనం? అందరూ రాశాకే మాట్లాడుకోవాలి. ఇంటి పెద్ద ముందు నోరు తెరిస్తే మిగతా చీటీలన్నీ ఆ మాటే అంటాయి. అందరికీ ఒకే వేడిలో వడ్డించండి. తరువాతిసారికి ఒక్క మార్పే చేయండి. ఉప్పూ నూనే కలిపి మారిస్తే, దేనివల్ల బాగుపడిందో తెలియదు.

8. పంచుకోవడం

టైప్ చేసి పంపండి. వాయిస్ మెసేజ్ రెండు నెలల తరువాత వెతికితే దొరకదు. పైన తేదీ, ఎంతమందికి, పూర్తయిన బరువు, గిన్నె వెడల్పు, లీటరు నీళ్లు తెర్లిన సమయం ఉండాలి. వేరుశనగ, నువ్వులు, పాలు, గోధుమ, గుడ్డు వాడితే అది మొదటి వరుసలోనే రాయాలి, పడనివాళ్లు చివరిదాకా చదివే లోపే తినేస్తారు. ఎవరైనా ఏదైనా మార్చితే పాత అంకె చెరిపేయకుండా, దాని పక్కనే కొత్త అంకె, తేదీ, మార్చినవాళ్ల పేరు రాయమనండి. అసలు వండే ఆవిడే వచ్చే ఏడాది తన అంకెలు తానే మార్చవచ్చు. అప్పుడూ డబ్బాలు మళ్లీ తూచాల్సిందే.