ముదురు రంగు పాత కారులో వేడిని తగ్గించడం ఎలా?

నల్లని, ముదురు నీలపు, ముదురు ఆకుపచ్చ పాత కార్లు ఉన్నవారు ఎండాకాలంలో లోపల కూర్చోలేకపోయినప్పుడల్లా నేరమంతా రంగు మీదకు నెట్టి, లేత రంగు వేయించేద్దామా అని అడుగుతుంటారు. వేయించకండి. అమెరికాలోని లారెన్స్ బర్క్లీ జాతీయ ప్రయోగశాల పరిశోధకులు ఒకే రకానికి చెందిన నల్ల కారును, వెండి రంగు కారును ఎండలో నిలిపి కొలిచి 2011లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, పైకప్పు రేకుల మధ్య తేడా 25 డిగ్రీల సెల్సియస్ దాకా ఉన్నా, లోపలి గాలిలో తేడా 5, 6 డిగ్రీలే. అంటే రేకు తాగిన వేడి తల మీదకు దిగకుండా ఆపగలిగితే రంగు దాని మానాన అది ఉండవచ్చు. మిగిలిన వేడి అద్దాల నుంచి, ఇంజను నుంచి, నేల కింద సాగే సైలెన్సర్ గొట్టం నుంచి వస్తుంది. వాటికి కారు ఏ రంగుదైనా ఒకటే.

కావలసినవి ఎక్కువేమీ లేవు: అల్యూమినియం రేకు అంటించిన 2 మిల్లీమీటర్ల బ్యూటైల్ రబ్బరు షీట్లు, నీరు పీల్చని 6 మిల్లీమీటర్ల ఫోమ్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చిన్న రోలర్, మాస్కింగ్ టేపు, తాకకుండానే వేడిని కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు. తారుతో చేసిన షీట్లు చవకగా దొరుకుతాయి కానీ ముదురు రంగు పైకప్పు కింద అవి మెత్తబడి, వాసన కొట్టి, ఒకనాడు ఊడి నెత్తిన పడతాయి కనుక వాటి జోలికి పోవద్దు.

మొదట హీటర్ వాల్వ్, అంటే హీటర్‌లోకి వెళ్ళే వేడినీటిని ఆపే కవాటం, చూడాలి. పాత కార్లలో ఈ వాల్వ్ పూర్తిగా మూసుకోక, నడివేసవిలో కూడా ఇంజను వేడినీరు డ్యాష్‌బోర్డు వెనకకు ప్రవహిస్తూనే ఉంటుంది. హీటర్ మీట మూసి, కాసేపు కారు నడిపి, ఇంజను ఆపిన తరువాత వాల్వ్ దాటాక ఉన్న గొట్టం వైపు థర్మామీటరు గురిపెడితే సంగతి తెలిసిపోతుంది. అది కూడా కాలుతూ ఉంటే వాల్వ్ మార్చండి. తరువాత చీకటిలో బానెట్ కింద ఒక దీపం వెలిగించి, కారు లోపల కూర్చుని ఫైర్‌వాల్ (ఇంజనుకూ లోపలి భాగానికీ మధ్య ఉండే రేకు గోడ) వైపు చూడండి. వెలుతురు వచ్చిన ప్రతి రంధ్రం నుంచీ ఇంజను వేడిగాలి కూడా వస్తుంది. వైర్లు, కేబుళ్ళు దూరే చోట రంధ్రం అంచును మూసే రబ్బరు వలయాలు (గ్రోమెట్లు) కొత్తవి వేస్తే చాలు. ఇంతకుమించి సులువైన పని మరొకటి లేదు, అయినా అందరూ దీన్నే వదిలేస్తారు.

రెండవది అద్దాలు. ఫోర్డ్ మోడల్ టి 1914 నుంచి 1925 దాకా నలుపులోనే వచ్చిందనీ, ఆ కాలం వారు హాయిగానే తిరిగారనీ కొందరు వాదిస్తారు. ఆ కార్లలో ఎక్కువ భాగం పక్క అద్దాలు లేని తెరిచిన కార్లన్న సంగతి వారికి గుర్తుండదు. అద్దం గుండా లోపలికి వచ్చిన వెలుగు సీట్ల మీద, డ్యాష్‌బోర్డు మీద వేడిగా మారి అక్కడే చిక్కుకుపోతుంది. అందుకే ఎండ తెరను అద్దానికి బయటి వైపు వేయాలి. లోపల వేసిన తెర డ్యాష్‌బోర్డు పగలకుండా కాపాడుతుందే తప్ప, అప్పటికే లోపలికి వచ్చేసిన వేడిలో కొంతనే వెనకకు పంపగలదు. కిటికీని వేలెడు సందు తీసి ఉంచితే సరిపోతుందన్నది కూడా భ్రమే. ఆ సందు వల్ల పెద్దగా తేడా రాదని 2005లో వచ్చిన ఒక వైద్య అధ్యయనం కొలిచి చూపింది. గంటలో పెరిగే వేడిలో 80 శాతం మొదటి అరగంటలోనే పెరుగుతుందని కూడా అందులోనే తేలింది కాబట్టి, ఆగిన కారులో పిల్లలను గానీ పెంపుడు జంతువులను గానీ క్షణమైనా ఉంచకూడదు. ఇక ఫిల్ము అంటించాలనుకుంటే నల్లనిది అక్కరలేదు. ఎండ శక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ రూపంలోనే ఉంటుంది కనుక, దాన్ని ఆపే తేటని ఫిల్ము చాలు. పాత కారుకు నల్ల అద్దాలు పెట్టడం నా దృష్టిలో క్షమించరాని తప్పు.

మూడవది నేల. కార్పెట్ తీసి, దాని కింది పాత జనపనార పరుపును పారవేసి, తుప్పు ఉంటే ముందు దాని పని పట్టి, నీరు పోయే రంధ్రాలను మూయకుండా ఫోమ్ పరచండి. సైలెన్సర్ దగ్గర పాత ఆస్బెస్టాస్ పలక ఉందని అనుమానం కలిగితే దాన్ని గీకవద్దు, కోయవద్దు, తెలిసినవారికి అప్పగించండి.

ఇక పైకప్పు. పనంతా చెడేది ఇక్కడే కనుక నిదానంగా చదవండి.

లోపలి లైనింగ్ గుడ్డ సాధారణంగా వంపు తిరిగిన ఇనుప కమ్మీలకు వేలాడుతూ ఉంటుంది. ఆ కమ్మీలు చూడటానికి ఒకేలా ఉన్నా వాటి వంపులు వేరు. లైనింగ్ విప్పేటప్పుడు ముందు నుంచి వెనకకు ఒక్కొక్క కమ్మీకీ టేపు మీద అంకె రాసి, అది ఏ రంధ్రంలో కూర్చుందో కూడా గుర్తు పెట్టుకోకపోతే తిరిగి బిగించేటప్పుడు గుడ్డ ముడతలు పడుతుంది. తరువాత రేకును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. థిన్నర్ వాడితే త్వరగా అవుతుందని ఎవరు చెప్పినా వినవద్దు. పాత కార్ల మీద వేసిన నైట్రోసెల్యులోజ్, యాక్రిలిక్ ల్యాకర్ రకం పెయింట్లు ఆరతాయే కానీ గట్టిపడి మారిపోవు. ఎన్ని దశాబ్దాలు గడిచినా తమ ద్రావకం తగిలితే మళ్ళీ కరుగుతాయి. తుడిచే గుడ్డ నుంచి తలుపు అంచు మీదకు జారిన ఒక్క చుక్క చాలు, ముదురు రంగు మీద అది శాశ్వతంగా కనిపిస్తుంది.

రేకు 20 నుంచి 30 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే, నీడలో, షీట్లు అంటించాలి. చలిగా ఉంటే బ్యూటైల్ పట్టదు. పట్టడం లేదు కదా అని హీట్ గన్ అందుకున్నవారు ఎందరో ఉన్నారు. పైకప్పు రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు. కింద నుంచి పెట్టిన వేడి క్షణాల్లో పై పెయింట్‌కు చేరి బుడగలు లేపుతుంది.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం రోలర్. పైకప్పు మధ్యభాగానికి కింద ఆసరా ఏమీ ఉండదు కాబట్టి, లోపలి నుంచి గట్టిగా నొక్కితే రేకు బయటకు ఉబ్బుతుంది. తెల్ల కారు మీద ఆ ఉబ్బు ఎవరికీ కనిపించదు, నల్ల కారు మీద మాత్రం ట్యూబ్‌లైటు ప్రతిబింబం పాములా వంకర తిరుగుతుంది. నా మొదటి నల్ల కారు పైకప్పు మీద ఇలాంటి ఉబ్బులు మూడు నేనే తెచ్చిపెట్టాను. సొట్ట తీసే పనివాడు చూసి, పెయింట్ పగలకుండా తీయలేనన్నాడు, అవి ఇప్పటికీ ఉన్నాయి. అందువల్ల ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు బయట మెత్తని గుడ్డను మడిచి అరచేతితో రేకుకు ఆనించి పట్టుకోవాలి, మరొకరు లోపల పుస్తకమంత ముక్కలను మాత్రమే, మధ్య నుంచి అంచులకు, తేలిక చేతితో రుద్దాలి. ప్రతి ముక్క తరువాత బయటకు వచ్చి ప్రతిబింబం చూడాలి. పది ముక్కలు అంటించాక చూద్దామనుకుంటే అప్పటికే ఆలస్యం అవుతుంది.

పైకప్పు మొత్తం బ్యూటైల్‌తో కప్పే అలవాటు ఒకటి వచ్చింది, దానివల్ల కారు పైభాగాన బరువు పెరగడమే తప్ప లాభం లేదు. బ్యూటైల్ పని రేకు అదురును ఆపడం; దానికి పావు వంతు నుంచి మూడవ వంతు చాలు. వేడిని ఆపేది దాని కింద వచ్చే ఫోమ్. ఫోమ్ మీద మెరిసే రేకు ఉంటే ఆ వైపును కిందకు, లైనింగ్ గుడ్డకు పైనున్న గాలి ఖాళీ వైపు తిప్పాలి. మెరుపు పైకి పెట్టి ఇనుముకు అంటిస్తే అది వేడిని వెనకకు పంపే అద్దంగా కాక, వేడిని మోసుకొచ్చే మరో లోహపు పొరగా మిగులుతుంది. ఎండలో నల్ల పైకప్పు 70 డిగ్రీలు దాటగలదు కనుక మామూలు స్ప్రే జిగురు నిలవదు. అధిక వేడిని తట్టుకునే జిగురే వాడి, అంచుల దగ్గర రెండు సెంటీమీటర్లు ఖాళీ వదిలితే తేమ ఆరడానికి దారి ఉంటుంది. పైకప్పు దీపం వైరును ఫోమ్ కింద పూడ్చవద్దు.

లైనింగ్ వినైల్‌దైతే తిరిగి బిగించే ముందు కాసేపు ఎండలో పరిచి మెత్తబరచండి, కమ్మీలను అంకెల వరుసలోనే పెట్టండి.

పెయింట్ సంగతి రెండు మాటల్లో. తెల్ల గుడ్డతో ఒక మూల కొద్దిగా పాలిష్ చేసినప్పుడు గుడ్డకు రంగు అంటితే పైన క్లియర్ కోట్, అంటే రంగును కాపాడే పారదర్శక పొర, లేదని అర్థం, ఇక పాలిష్ వీలైనంత అరుదుగా చేయాలి. అరచెయ్యి ఆనించి ఉంచలేనంత వేడిగా ఉన్న రేకు మీద నీళ్ళు పోయకూడదు. నీరు ఆవిరై అందులోని ఖనిజాలు తెల్ల మచ్చలుగా మిగులుతాయి. కారు కడిగిన రోజునే, రేకు చల్లారాక మాత్రమే కవర్ కప్పండి. దుమ్ము మీద కప్పిన కవర్ గాలికి కదిలినప్పుడల్లా గరుకు కాగితంలా పనిచేస్తుంది.