షాఫ్ట్ బైకులో వణుకు వస్తే: యూనివర్సల్ జాయింట్ పరీక్ష

చైన్ అరిగితే కంటికి కనిపిస్తుంది, చెవికి వినిపిస్తుంది. చైన్‌కు బదులు వెనక చక్రాన్ని తిప్పే కడ్డీ, అంటే షాఫ్ట్, అలా కాదు, వెనక చక్రాన్ని మోసే స్వింగార్మ్ గొట్టంలో దాక్కుని అరుగుతుంది. నాకు బాగా అలవాటైన బీఎండబ్ల్యూ ఆర్ 1150 జీఎస్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. దాని షాఫ్ట్‌కు గేర్‌బాక్స్ వైపు ఒకటి, వెనక ఫైనల్ డ్రైవ్ (చక్రాన్ని తిప్పే గేర్ల పెట్టె) వైపు ఒకటి, రెండు యూనివర్సల్ జాయింట్లు (వంగి ఉన్నా తిరుగుడును అందించే కీళ్లు) ఉంటాయి. లారీ మెకానిక్కులు ‘క్రాస్’ అనేది ఒక్కో జాయింట్ నడుమ ఉండే ముక్కనే. నాలుగు కొనలు, నాలుగు కప్పులు, వాటిలో సూది బేరింగులు.

సమస్య: ఒక వేగం దాటాక ఫుట్‌పెగ్‌లలో వణుకు

ముందే స్పానరు పట్టకండి. ఖాళీ రోడ్డు మీద వణుకు మొదలైన వేగంలో క్లచ్ పట్టి యాక్సిలరేటర్ వదలండి. ఇంజిన్ చప్పుడు తగ్గినా వణుకు తగ్గకపోతే దోషం ఇంజిన్‌ది కాదు, క్లచ్ తర్వాత తిరిగే వాటిది. టైరు, చక్రం బ్యాలెన్స్, బేరింగు కూడా ఆ జాబితాలోవే. వాటిని చూడటానికి ఖర్చు తక్కువ కనుక అక్కడి నుంచే మొదలుపెట్టండి.

వణుకు తీరు కూడా కొంత చెబుతుంది. బ్యాలెన్స్ తప్పిన చక్రం ఒక్కో చుట్టుకు ఒకసారి ఊపుతుంది. చక్రం ఒకసారి తిరిగేలోపు షాఫ్ట్ దాదాపు మూడుసార్లు తిరుగుతుంది, జాయింట్ దోషం ఒక్కో షాఫ్ట్ చుట్టులో రెండుసార్లు బయటపడుతుంది. అందుకే అది ఊపులా కాక, పాదాల కింద సన్నని జిల్లులా తెలుస్తుంది.

సమస్య: న్యూట్రల్‌లో తోస్తుంటే టిక్ టిక్, యాక్సిలరేటర్ ఇవ్వగానే ఠంగుమని దెబ్బ

దెబ్బ ఒక్కటే ఉంటే కంగారు అక్కర్లేదు. గేర్ల పళ్ల మధ్య సందు ప్రతి షాఫ్ట్ బైకులోనూ కొంత ఉంటుంది. టిక్ టిక్ కూడా తోడైతే జాయింట్‌ను కప్పే రబ్బరు బూట్ విప్పి చూడాల్సిందే.

బండి చల్లారాక సెంటర్ స్టాండ్ వేసి న్యూట్రల్‌లో ఉంచండి. చక్రం తీయండి. బ్రేక్ కాలిపర్‌ను తీగతో కట్టి వేలాడదీయండి, గొట్టం మీద బరువు పడకూడదు. ఏబీఎస్ సెన్సార్ తీసి పక్కకు పెట్టండి. బూట్ క్లిప్పులు వదులు చేసి, ఫైనల్ డ్రైవ్‌ను చేత్తో ఆనించి పట్టుకుని, టార్క్ ఆర్మ్ (ఫైనల్ డ్రైవ్‌ను కదలకుండా పట్టే కడ్డీ) బోల్టు తీయండి. పట్టుకోకపోతే అది ఒక్కసారిగా కిందికి వాలుతుంది. వాలాక వెనక జాయింట్ కనిపిస్తుంది.

కప్పుల అంచున వేలు రాయండి. ఇటుక పొడిలాంటి ఎర్రటి మెత్తని పొడి అంటితే గ్రీజు ఎండిపోయి సూదులు తుప్పు పట్టాయని అర్థం. బూట్ చిరిగి నీరు చేరడం దీనికి సాధారణ కారణం. పొడికి బదులు నూనె కనిపిస్తే జాయింట్‌ను నిందించకండి, ఫైనల్ డ్రైవ్ ఇన్‌పుట్ సీల్ కారుతోంది.

యోక్‌ను, అంటే క్రాస్ కొనలను పట్టుకునే రెండు చెవుల ముక్కను, అటూ ఇటూ తిప్పి ‘ఆట (వదులు) లేదు, బాగుంది’ అని మూసేయడం చాలామంది చేసే పొరపాటు. ఆట లేకుండానే జాయింట్ చెడిపోవచ్చు. జాయింట్ ఎప్పుడూ దాదాపు అదే కోణంలో పనిచేస్తుంది కనుక సూదులు ఒకే చోట ఒరుసుకుని క్రాస్ మీద గాట్లు పెడతాయి. షాఫ్ట్ బయటికి తీసి, జాయింట్‌ను ఒక అక్షం మీద, తర్వాత రెండో అక్షం మీద నెమ్మదిగా వంచండి. మంచిది తేనెలో గరిటెలా సమానమైన బరువుతో కదులుతుంది. చెడినది నిటారు స్థానం దగ్గర చిన్న గుంటలో పడ్డట్టు ఆగుతుంది, దాన్ని దాటించడానికి వేళ్లు కాస్త బలం పెట్టాలి. అంత తేలిక అడ్డు చాలు, ఆ జాయింట్ పనైపోయినట్టే.

పరిష్కారం

లారీ క్రాస్‌లా సర్‌క్లిప్ (కప్పు జారకుండా పట్టే రింగు) తీసి కొత్తది వేయడం ఇక్కడ కుదరదు. కప్పులను యోక్ లోహాన్నే నొక్కి బిగించి ఉంటారు. సుత్తితో కొడితే యోక్ చెవి పగులుతుంది. జాయింట్‌తో కూడిన షాఫ్ట్ భాగాన్నే మార్చండి. లేదా యోక్‌ను కోసి, సర్‌క్లిప్ క్రాస్ వేసి, బ్యాలెన్స్ కూడా చూసిచ్చే మెషిన్ షాప్‌కు ఇవ్వండి. బ్యాలెన్స్ సంగతి అడిగితే మొహం తిప్పుకునే చోట ఇవ్వకండి.

సమస్య: మరమ్మతు తర్వాతే వణుకు మొదలైంది

ఇది నా బండికే జరిగింది. సీల్ మార్చడానికి ఒక వర్క్‌షాప్‌కు ఇచ్చాను, తిరిగొచ్చాక కొత్త వణుకు. షాఫ్టే పోయిందనుకుని ధర కూడా కనుక్కున్నాను. చివరికి విప్పి చూస్తే జాయింట్లు రెండూ బాగానే ఉన్నాయి, యోక్‌లు మాత్రం ఒకదానికొకటి వంకరగా ఉన్నాయి.

ఈ షాఫ్ట్ మధ్యలో పళ్ల గాడుల దగ్గర రెండు ముక్కలుగా విడిపోతుంది. ఫైనల్ డ్రైవ్ పూర్తిగా దించితే వెనక ముక్క దాంతోపాటే వచ్చేస్తుంది. వంగి తిరిగే జాయింట్ వేగాన్ని సమంగా అందించదు. 10 డిగ్రీల కోణంలో ప్రతి చుట్టులో రెండుసార్లు దాదాపు 1.5 శాతం పెంచి, అంతే తగ్గిస్తుంది. రెండో జాయింట్ ఆ తేడాను సరిదిద్దాలంటే మధ్య షాఫ్ట్ రెండు చివరల యోక్‌లు ఒకే వరుసలో ఉండాలి. కొన్ని పళ్లు పక్కకు జరిగినా ఆ లెక్క చెడుతుంది.

నేను ముక్కలు విడదీసి, వరుస కలిపి, గాడులకు మాలిబ్డినం గ్రీజు పూసి ఎక్కించాను. వణుకు పోయింది, అయిన ఖర్చు గ్రీజు డబ్బా ఒక్కటే. ఇప్పుడు విడదీసే ముందే రెండు ముక్కల మీదుగా తెల్ల పెయింటుతో ఒక గీత గీస్తున్నాను.