వరిగడ్డిని యూరియాతో మాగవేసే ముందు జాగ్రత్తలు

కోతలయ్యాక విశాఖ దగ్గరి ఆనందపురం, పద్మనాభం వైపు ఎండుగడ్డికి కొదవుండదు. మాగవేస్తే పశువు ఇష్టంగా తింటుంది, మాంసకృత్తులూ పెరుగుతాయి. కానీ ముందు ఇవి చూసుకోండి.

గడ్డి: తుపాను వానకు తడిసి నల్లబడ్డది, బూజు వాసన కొట్టేది పక్కన పడేయండి. యూరియా చల్లినంత మాత్రాన బూజు విషం పోదు.

తూకం: 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50 నుంచి 60 లీటర్ల నీళ్లు. గుప్పెళ్ల లెక్క వద్దు, కాటా వేయండి. పలుకు పూర్తిగా కరిగాకే చల్లాలి. కరగని పలుకులు ఒకేచోట పడితే ఆ గడ్డి తిన్న పశువు ప్రాణం మీదికొస్తుంది.

బకెట్: అసలు ప్రమాదం దీనితోనే. యూరియా నీళ్లు చూడ్డానికి మామూలు నీళ్లే. దాహంతో ఉన్న గేదె ఒక్కసారి మూతి పెట్టిందంటే అంతే. పశువులను దూరంగా కట్టేయండి. ఆ బకెట్‌ను మళ్లీ కుడితికి వాడొద్దు.

చోటు: నీళ్లు నిలవని మెరక. పొరపొరకీ చల్లి, గట్టిగా తొక్కి, చిరుగుల్లేని టార్పాలిన్ కప్పి అంచుల మీద మట్టి వేయండి. గాలి చొరబడితే యూరియా నుంచి పుట్టి గడ్డిని మాగబెట్టే అమ్మోనియా పోతుంది, పడ్డ కష్టం వృథా. 21 రోజులు విప్పొద్దు.

మేత: ఆ పూటకు కావలసినంతే తీసి, ఘాటు తగ్గేదాకా ఆరబెట్టండి. మొదట కొద్దికొద్దిగా అలవాటు చేయండి. ఆరు నెలల్లోపు దూడలకు పెట్టకూడదు. కడుపుబ్బరం, నోట నురగ, వణుకు కనిపిస్తే మేత ఆపి వెంటనే పశువైద్య అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చేయండి.