మెదడు స్కాన్‌లో గోళాకార మాస్కును తయారుచేయడం

నల్లగొండ, పాలమూరు కళాశాలల్లో ప్రాజెక్టు కోసం ఎమ్మారై డేటాను విశ్లేషించే విద్యార్థులకు, మెదడులో ఒక బిందువు చుట్టూ గోళాకార మాస్కు, అంటే స్కాన్‌లో ఆ భాగాన్ని మాత్రమే వేరుచేసి చూపే చిత్రం, తరచూ అవసరపడుతుంది. మెదడు చిత్రాలను విశ్లేషించే ఎఫ్ఎస్ఎల్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటే మామూలు లాప్‌టాప్ చాలు.

అత్యంత జాగ్రత్తగా చేయవలసింది నిరూపకాల మార్పిడి. పరిశోధన పత్రాల్లో స్థానాలు మిల్లీమీటర్లలో ఉంటాయి. ఎఫ్ఎస్ఎల్ ఆదేశానికి మాత్రం వోక్సెల్ (స్కాన్‌లోని అతి చిన్న ఘనం) సంఖ్యలు కావాలి. ఎంఎన్ఐ152 అనే ప్రామాణిక మెదడు నమూనా 2 మి.మీ. రూపంలో 90 నుంచి ఎక్స్ విలువను తీసివేసి, వైకి 126, జడ్‌కి 72 కలిపి, మూడింటినీ 2తో భాగించాలి. అలా 0, -52, 26 అనే స్థానం 45, 37, 49 అవుతుంది. ఎక్స్‌ను తీసివేయడం మరచిపోతే, ఏ హెచ్చరికా లేకుండానే మాస్కు తప్పుడు చోట, చాలాసార్లు అవతలి అర్ధగోళంలో పడుతుంది. అందుకే దీన్ని రెండుసార్లు సరిచూసుకోవాలని గట్టిగా చెబుతాను.

తర్వాత ఎఫ్ఎస్ఎల్‌లో చిత్రాలపై లెక్కలు చేసే ఎఫ్ఎస్ఎల్‌మాథ్స్ ఆదేశంతో నమూనాను 0తో గుణించి, 1 కలిపి, ఆర్ఓఐ (కావలసిన ప్రాంతం) ఎంపికతో ఆ ఒక్క వోక్సెల్‌నే మిగల్చాలి. దానిపై కెర్నెల్ స్ఫియర్ (గోళాకార పరిధి) ఎంపికకు 5 ఇచ్చి, ఆ పరిధిలో సగటు తీసే ఎఫ్‌మీన్ నడపాలి. ఈ 5 మిల్లీమీటర్లలో వ్యాసార్ధం, వ్యాసం కాదు. ఫలితంలో చిన్న భిన్నాలు వస్తాయి కాబట్టి బిన్ ఎంపికతో వాటిని 1గా మార్చాలి.

ఎఫ్ఎస్ఎల్‌లో చిత్రాలు చూపే ఎఫ్ఎస్ఎల్‌ఐస్‌లో తెరిస్తే ఆ గోళం బత్తాయిలా నునుపుగా కాక మెట్లుమెట్లుగా కనిపిస్తుంది. 81 వోక్సెళ్లు, అంటే 648 ఘన మిల్లీమీటర్లు ఉంటే లెక్క సరిపోయినట్లే. బిందువు మెదడు అంచున ఉంటే, మెదడు మాస్కుతో గుణించి బయటి భాగాన్ని తొలగించాలి.