గాలి లెక్కలు చదువుదాం – 4వ పాఠం: ఎండాకాలం ఓజోన్

కిందటి పాఠంలో డిసెంబరు తెల్లవారుజామున పీఎం 2.5 (గాలిలోని అతి సన్నని ధూళి కణాలు) ఎందుకు పేరుకుంటుందో చూశాం. ఇప్పుడు ఏప్రిల్‌కి వద్దాం. ఎండలు ముదిరాక హైదరాబాద్ ఆకాశం తేటగా కనిపిస్తుంది, గాలి బాగుందనుకుంటాం. ఈ నెలల్లో చూడాల్సింది ఓజోన్, ఊపిరితిత్తులకు హాని చేసే వాయువు.

ఇది ఏ సైలెన్సర్ నుంచీ నేరుగా రాదు. బండ్ల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లకు పెట్రోలు, పెయింట్ల ఆవిర్లు తోడై, ఎండ తగిలితే నేలకు దగ్గరగా తయారవుతుంది. వేడి పెరిగేకొద్దీ ఆవిర్లు ఎక్కువ లేస్తాయి, చెట్ల నుంచి కూడా. రసాయన చర్య జోరందుకుంటుంది. గాలి వీయకపోతే ఇక చెప్పక్కర్లేదు. వాతావరణ మార్పు చేసే పని ఇదే: సరుకు అదే, మంట పెరిగింది. రోడ్డు మీద బండ్లు ఒక్కటీ పెరగకపోయినా ఓజోన్ పెరగొచ్చు.

ఇక అభ్యాసం. సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) వెబ్‌సైట్‌లో హైదరాబాద్ సనత్‌నగర్‌లో గాలిని కొలిచే కేంద్రం తెరవండి. ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) అంకె దగ్గర ఆగిపోవద్దు. కాలుష్యాలన్నిటిలో ఎక్కువగా ఉన్న ఒక్కదాన్నే అది చూపిస్తుంది, మిగతావి దాని వెనక ఉండిపోతాయి. ఓజోన్ గంట గంటకూ ఎంతుందో, పక్కనే ఉష్ణోగ్రత ఎంతో నోట్‌బుక్‌లో రాయండి. సాధారణంగా పొద్దున ట్రాఫిక్ వేళ తక్కువ ఉంటుంది, ఎందుకంటే అప్పుడే వెలువడిన నైట్రిక్ ఆక్సైడ్ ఓజోన్‌ను తినేస్తుంది. పది దాటాక ఎక్కుతూ పోయి, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య గరిష్ఠానికి చేరుతుంది. మన దేశంలో 8 గంటల సగటు పరిమితి ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు, ఒక గంటకైతే 180.

సెంట్రల్ యూనివర్సిటీ కేంద్రం లెక్కలూ తీయండి. ట్రాఫిక్‌కి దూరంగా ఉన్న చోట ఓజోన్ ఎక్కువ కనిపిస్తే మీటరు తప్పనుకోకండి. తినేసే నైట్రిక్ ఆక్సైడ్ అక్కడ తక్కువ.

ఒక్క రోజు లెక్క చూసి వాతావరణ మార్పు అనేయకూడదు. మబ్బు పట్టిన రోజునూ వడగాడ్పు రోజునూ పక్కపక్కన పెట్టి, ఇలా కొన్నేళ్ల ఏప్రిల్ నెలలు పోల్చాలి.

ఇంకో మాట, ఇది నాకు చాలా ముఖ్యం. మాస్కు దుమ్మును ఆపుతుంది కానీ ఓజోన్‌ను ఆపదు. ఇంట్లో ఆస్తమా ఉన్న పిల్లలుంటే సమ్మర్ క్యాంపు సాయంత్రం నాలుగింటి బ్యాచ్ వద్దు, పొద్దున ఆరింటి బ్యాచ్‌లో చేర్చండి.

వచ్చే పాఠానికి వారం లెక్కలు రాసి ఉంచుకోండి. వాటితోనే గ్రాఫ్ గీద్దాం.