భిన్నం, దశాంశం, శాతం: ఏది పెద్దదో తేల్చడం ఎలా

5/8, 0.64, 62 శాతం. ఈ మూడింట్లో ఏది పెద్దది అంటే లెక్కలు బాగా వచ్చినవాళ్లు కూడా ఒక్క క్షణం ఆగుతారు, ఎందుకంటే మూడూ మూడు రూపాల్లో ఉన్నాయి. అన్నింటినీ ఒకే రూపంలోకి తెచ్చాకే పోల్చాలి. నన్నడిగితే శాతంలోకి తేవడమే మేలు, నూటికి ఎంత అన్న లెక్క మనకి చిన్నప్పటి నుంచీ నోట్లో ఉన్నదే కదా.

భిన్నాన్ని దశాంశంగా మార్చాలంటే పైనున్న లవాన్ని కిందున్న హారంతో భాగించాలి, అంతే. 5లో 8 పోదు కాబట్టి సున్నా వేసి పాయింట్ పెట్టి 50 చేసుకుంటాం, 50లో ఆరెనిమిదులు 48 పోతే 2 మిగులుతుంది, దాన్ని 20 చేస్తే రెండెనిమిదులు 16 పోయి 4, దాన్ని 40 చేస్తే ఐదెనిమిదులు సరిగ్గా సరిపోతాయి. 0.625 వచ్చింది. పాయింట్‌ని రెండు స్థానాలు కుడికి జరిపితే 62.5 శాతం. 0.64ని అలాగే జరిపితే 64 శాతం. కాబట్టి 0.64 పెద్దది, తర్వాత 5/8, చివర 62 శాతం. వెనక్కి రావాలంటే 62.5ని 100 మీద పెట్టి, పాయింట్ పోయేలా పైనా కిందా 10తో గుణిస్తే 625/1000, రెండింటినీ 125తో కొట్టేస్తే మళ్లీ 5/8.

హారం 20, 25, 50 లాంటిదైతే భాగహారం జోలికే వెళ్లొద్దు, దాన్ని 100 చేసే అంకెతో పైనా కిందా గుణించండి. పిల్లాడికి లెక్కల్లో 20కి 14, సైన్సులో 25కి 17, సోషల్‌లో 50కి 33 వచ్చాయనుకోండి. చూడ్డానికి 33 పెద్దగా కనిపిస్తుంది కానీ వరసగా 70, 68, 66 శాతం. అన్నిటికంటే తక్కువ వచ్చింది సోషల్‌లోనే.

దశాంశాల దగ్గర పిల్లలు ఎక్కువగా పడే చిక్కు ఒకటుంది, 0.35, 0.5లలో 0.35 పెద్దదంటారు, 35 కంటే 5 చిన్నది కదా అని. అప్పుడు వాళ్లని కసురుకోకుండా పొట్టిదాని చివర సున్నా చేర్చి 0.50 అని రాయించండి. పాయింట్ తర్వాత అంకెలు రెండిట్లోనూ సమానంగా ఉంటే తేడా వాళ్లకే కనిపిస్తుంది.

1/3, 1/7 లాంటివి ఎంత భాగించినా తెగవు. భిన్నాన్ని పూర్తిగా సూక్ష్మీకరించాక హారంలో 2, 5 కాకుండా ఇంకే ప్రధాన సంఖ్య ఉన్నా అంతే. ఇలాంటి చోట అడ్డగుణకారం హాయి. 4/7, 5/9లలో ఏది పెద్దది? 4ని 9తో గుణిస్తే 36, 5ని 7తో గుణిస్తే 35, కాబట్టి 4/7 పెద్దది. నిజానికి మనం చేసింది రెండింటి హారాన్నీ 63 చేసి 36/63, 35/63 అని చూడటమే, ఆ మాట కూడా పిల్లలకి చెప్పండి, లేకపోతే ఊరికే బట్టీ పట్టి ఏ జవాబు ఏ భిన్నానిదో తికమకపడతారు.

ఇక బంగారం. 24 భాగాల్లో 22 భాగాలు బంగారమైతే 22 క్యారెట్లు, అంటే 22/24, సూక్ష్మీకరిస్తే 11/12, భాగిస్తే 0.91666..., శాతంలో దాదాపు 91.67. హాల్‌మార్క్‌లో కనిపించే 916 ఇదే, కాకపోతే అక్కడ లెక్క నూటికి కాదు, వెయ్యికి. 18 క్యారెట్లకి 750, 20 క్యారెట్లకి 833 కూడా ఇలాగే వస్తాయి. 14 క్యారెట్లకి లెక్క కడితే 583 వస్తుంది కానీ ముద్ర 585 ఉంటుంది, ప్రమాణాన్ని కాస్త పైకి పెట్టారు కాబట్టి. తరుగు కూడా శాతంలోనే పోల్చుకోండి: ఒక షాపులో 8 గ్రాములకి గ్రాము, ఇంకో షాపులో 12 శాతం అంటే మొదటిది 1/8, అంటే 12.5 శాతం, రెండోదే నయం.

వడ్డీ దగ్గర మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. ఊళ్లో రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకి రెండు, ఏడాదికి 24 శాతం. బ్యాంకు చెప్పే 14 శాతం ఏడాదికి. 14 పక్కన 2 చిన్నదిగా కనిపించి అప్పు చేసేస్తే లక్షకి ఏడాదిలో 14,000 బదులు 24,000 కట్టాలి. రూపాల్ని కలిపినట్టే కాలాన్ని కూడా కలపాలన్నమాట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో డ్వాక్రా సంఘాలకి పావలా వడ్డీ అన్నారు, అది నెలకి 0.25 శాతం, ఏడాదికి 3 శాతం. ఇక్కడే ఇంకో విషయం, 0.25 వేరు, 0.25 శాతం వేరు. మొదటిది పావు భాగం, రెండోది 0.0025, అంటే నాలుగొందల్లో ఒక వంతు. శాతం గుర్తు తీసేసేటప్పుడు పాయింట్ రెండు స్థానాలు ఎడమకి జరగాల్సిందే.

బట్టల షాపు ఆఫర్లు కూడా ఇలాగే చూడొచ్చు. ఒకే ధర ఉన్నవాటిలో రెండు కొంటే ఒకటి ఫ్రీ అంటే మూడింట ఒక వంతు తగ్గింపు, 33.33 శాతం, పక్క షాపులో అదే ధర మీద నేరుగా 35 శాతం ఇస్తుంటే అదే మేలు, పైగా మూడు కొనాల్సిన అవసరం కూడా లేదు. 20 శాతం తగ్గించి, ఆ మిగిలినదాని మీద ఇంకో 10 శాతం అన్నప్పుడు మాత్రం రెంటినీ కూడి 30 అనుకోకండి. 20 శాతం పోతే మిగిలేది 0.8, దాంట్లో 10 శాతం పోతే 0.8 × 0.9 = 0.72, అంటే తగ్గేది 28 శాతమే. 2,500 బిల్లుకి 1,750 కాదు, 1,800 కట్టాలి.